తిరగలికి పసుపు

నార్తాంప్టన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు కావ్యశ్రీ, శనివారం నన్ను పార్కులో పెట్టిన సంతకు తీసుకెళ్లింది. ఇంగ్లండు పాత రాజుల కాలంలో సంతలు ఎలా ఉండేవో అచ్చం అలాగే పెట్టారు. ఎటు చూసినా గుడారాలు, గడ్డిమోపులు, ఇనుప చొక్కాల సైనికులు. పైన పడీ పడనట్టు తుంపర.

ఒక గుడారంలో తిరగలి కనిపించింది. చిన్నప్పటి నుంచీ విసిరినదాన్ని, చూశాక ఆగగలనా? దాని వెనక ఒక సైనికుడు గోధుమలు గుప్పెళ్లతో కుక్కేస్తున్నాడు.

"అన్నేసి పోస్తే రాయి కదలదు నాయనా!" అన్నాను, తెలుగులోనే.

సైనికుడు తల మీది ఇనుప టోపీ తీశాడు. "నమస్తే అమ్మమ్మగారూ!"

"తెలుగువాడివా! యుద్ధానికి తయారై పిండి విసురుతున్నావేంటి?"

"వాలంటీర్లకి పనులు పంచితే నాకు పిండే పడిందండీ."

కావ్య ముఖం కందగడ్డ అయింది. "అమ్మమ్మా, పద." చెవిలో మిగతాది చెప్పింది. అతను రఘువీర్, వాళ్ల ఆఫీసే. రెండేళ్లుగా ఇద్దరూ కలిసే లంచ్ చేసేవారట. సోమవారం బెల్‌ఫాస్ట్ వెళ్లిపోతున్నాడు. ఆ మాట అతని నోట కాక ఆఫీసు మెయిల్‌లో తెలిసింది. మూడు వారాలుగా మాటల్లేవు.

"కాల్ చేస్తే కట్ చేశావ్," అన్నాడు రఘువీర్.

"మెయిల్ వచ్చాక చేశావ్! ముందే ఎందుకు చెప్పలేదు?"

"వెళ్లమంటావో, వద్దంటావో అని భయమేసింది."

"అనడానికి నేనెవర్ని నీకు?"

ఒంటి నిండా ఇనుమే కానీ, లోపల ధైర్యం లేదు పాపం.

ఇక లాభం లేదని తిరగలి ముందు చతికిలబడ్డాను. చేతిసంచిలోంచి పసుపు, కుంకుమ పొట్లాలు తీసి రాయికి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టాను.

"అమ్మమ్మా! అది వాళ్లది!"

గుడారం చూసుకునే దొరసాని వచ్చి ఏమిటిదని అడిగింది. కావ్య కంగారులో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది: మా ఇళ్లల్లో పెళ్లి పనులు ఇలాగే మొదలుపెడతారని.

"ఓ! కంగ్రాచ్యులేషన్స్!" దొరసాని ఇద్దరినీ చూసి చప్పట్లు కొట్టింది.

"నో, నో!" అంది కావ్య.

"నేను నో అనలేదు," అన్నాడు రఘువీర్, నెమ్మదిగా. "పెళ్లి మాట అడక్కుండా, వెళ్తున్నానన్న మాట చెప్పలేకపోయాను. బెల్‌ఫాస్ట్ ఆర్నెల్లే కావ్యా. తర్వాత ఇక్కడికే వస్తాను. నీకు ఇష్టమైతే."

తుంపర గుడారం మీద సన్నగా చప్పుడు చేస్తోంది. నేను లేచి చోటిచ్చాను. కావ్య వచ్చి గడ్డిమోపు మీద కూర్చుని, అతని చేతి పైన తన చేయి వేసి పిడి పట్టుకుంది.

"గింజలు కొంచెం కొంచెం పొయ్యి. నూకలు పడుతున్నాయ్," అంది. కాసేపు తిప్పాక, "సోమవారం ఫ్లైట్ ఎన్నింటికి?"

"ఆరింటికి."

"నేను దింపుతాను."

ఇంటికొచ్చేటప్పుడు కారులో అడిగింది, "అమ్మమ్మా, ఆ పసుపు అలవాటుకొద్దీ పెట్టేశావా?" అని.

అవునే తల్లీ, అన్నాను. రోజూ విసిరే తిరగలికి ఎవరూ పసుపు పెట్టరని ఆ పిల్లకేం తెలుసు?