అక్కర్లేని ట్యాంకు

గుడివాడ బస్టాండులో ఆత్రేయను చంపడానికి వాళ్ళకు ఒక్క టీ సరిపోయింది.

యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్. గ్లాసు కింద పెట్టకముందే ఒరిగిపోయాడు. చేతిలో ఫోన్ లైనులోనే ఉంది. అవతల వింటున్నది సీక్రెట్ సర్వీస్ చీఫ్ శ్యామ్ సుందర్. ఆఖరుగా వినిపించిన మాట: "ఆ ట్యాంకు తీయించండి సార్!"

మర్నాడు పొద్దున చిలకలపూడిలో, రోల్డ్‌గోల్డ్ దుకాణం మేడ మీద, ఏజెంట్ వీరదుర్గకు బ్రీఫింగ్.

"పాముకాటుకు మాత్ర. యూనివర్సిటీ కనిపెట్టింది. ఇవాళ బందరులో పైలట్ ప్లాంట్ ఓపెనింగ్. పార్ట్‌నర్ కంపెనీ ముసుగులో విదేశీ ముఠా దూరింది. వాళ్ళది ఇంజెక్షన్ల వ్యాపారం. మాత్ర వస్తే మునుగుతారు. లోపల మన డబుల్ ఏజెంట్ సుహాసిని ఉంది."

"మరి ట్యాంకేంటి సార్?"

"ఆ కంపెనీయే ఉచితంగా ఇచ్చిందట. మధ్యలో సరుకు నిలవ చేయడానికి."

దుర్గ దిగ్గున లేచింది. దివిసీమలో చేపలు పట్టే వాళ్ళ ఊరికి మొదటి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఆమే.

"కంటిన్యూయస్ ఫ్లో ప్లాంటులో ట్యాంకా? బుద్ధుందా వాళ్ళకి? మొదటి ట్యూబులో పుట్టే సరుకు యాభై డిగ్రీలు దాటితే పేలిపోద్ది. అందుకే పుట్టింది పుట్టినట్టు రెండో ట్యూబులోకెళ్ళి మందైపోవాలి. ఎప్పుడు చూసినా లోపల టీ గ్లాసుడే ఉంటది. దాన్ని ట్యాంకులో నింపితే బాంబేనండీ అది!"

"ఆపమన్నాను. దాతల్ని అవమానించలేనన్నారు ప్లాంటు డైరెక్టర్ గారు. కోప్పడకమ్మా."

"కోపం రాక ఏమొస్తుందండీ? మా నాన్నకి గట్టు మీద పురుగు ముట్టింది. పాము అనే మాట కూడా నోట పలకరు మావాళ్ళు, అంత భయం. ఆస్పత్రికి చేరకుండానే పోయాడు. జేబులో మాత్రుంటే బతికేవాడు."

చీఫ్ కమ్మలూ గొలుసూ పెన్నూ అందించాడు. కమ్మల్లో మైకు, స్పీకరు. గొలుసు బిగిస్తే బేడీ. పెన్ను గురిపెడితే దూరం నుంచే టెంపరేచర్ చెబుతుంది.

మధ్యాహ్నం కేటరింగ్ యూనిఫాంలో, బందరు లడ్ల ట్రేతో దుర్గ ప్లాంటులోకి నడిచింది. జనమంతా బయట షామియానా కింద ఉన్నారు. లోపల కలంకారీ చీరలో, ఖరీదైన సెంటు వాసనతో సుహాసిని ఒక్కతే తలుపు వైపు వస్తోంది.

"పెడన చీరేనాండీ?"

"రంగు పోదు. కావాలంటే ఉతికి చూసుకోండి."

కోడ్ కుదిరింది. సుహాసిని గొంతు తగ్గించింది. "బాంబు గేటు దగ్గర వ్యానులో ఉంది. పరిగెత్తండి!"

దుర్గ పరిగెత్తలేదు. పెన్ను ట్యాంకు వైపు తిప్పింది. ముప్ఫై ఆరు. ముప్ఫై తొమ్మిది. కూలింగ్ పంపు ఆగిపోయి ఉంది. ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వు ఉంది. తిప్పితే సరుకంతా కింది తొట్టిలోని మందునీళ్ళలో పడి చల్లారిపోతుంది. కానీ వాల్వుకు హ్యాండిల్ లేదు. సుహాసిని సిల్కు హ్యాండ్‌బ్యాగు మాత్రం ఇనుము మోస్తున్నట్టు వేలాడుతోంది.

"బ్యాగిలా ఇవ్వు."

సుహాసిని చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. దాని చివర పిస్టల్ గొట్టం. "లంకల్లో పాము కరిచినోళ్ళ కోసం ఎవరు డబ్బు పెడతారే, పిచ్చిదానా? ఇది పేలితే ఇంకెవరూ ఆ మాత్ర జోలికి రారు."

"ఆత్రేయ టీలో కలిపింది నువ్వేనా?"

"మంచి కుర్రాడు. ఇంకాస్త పంచదార వేయమన్నాడు."

దుర్గ ట్రే విసిరింది. లడ్లు మొహాన పగిలాయి. తూటా పైకప్పుకు తగిలింది. చిన్నప్పటి నుంచీ వలలు లాగిన చేతులు బ్యాగును లాగేసరికి పట్టీ తెగి లోపలున్న వాల్వు హ్యాండిల్ కింద పడింది. సుహాసిని తేరుకునేలోపు దుర్గ మెడలోని చిలకలపూడి గొలుసు బేడీ అయి, ఆమె చేతుల్ని రెయిలింగుకు కట్టేసింది.

నలభై ఏడు. హ్యాండిల్ బిగించింది. వాల్వు కదల్లేదు. నలభై ఎనిమిది. "నాన్నా!" అని పళ్ళు కొరికి ఒళ్ళంతా వేసి తిప్పింది. నలభై తొమ్మిది.

భళ్ళున సరుకు తొట్టిలోకి దూకింది. పొగలు. నలభై నాలుగు. ముప్ఫై.

కమ్మలో చీఫ్ గొంతు: "కంపెనీవాళ్ళు గేటు దగ్గర దొరికారు. ట్యాంకు సంగతేంటి దుర్గా?"

"ఖాళీ సార్. ఇంకో పని మిగిలింది. ముందు బయట ఆ మైకు కట్టేయించండి."

బయట షామియానాలో డైరెక్టర్ గారు, అంత మంచి ట్యాంకును ఉచితంగా ఇచ్చిన కంపెనీవారికి మూడోసారి ధన్యవాదాలు చెబుతున్నారు.