ఎడమచేతి గడ్డలు

ఆ రోజు బాగానే తెల్లవారింది. ఇంగ్లండుకి పడమట, సముద్రం అవతలి కనమారా కొండల మీద మబ్బు లేదు, గాలి పొడిగా ఉంది. డీలియా, ఆమె మొగుడు బార్ట్లీ గాడిదబండిని రోడ్డు పక్కన విప్పి, ఊబినేలలో తమ వాటా గట్టుకి నడిచారు. పొయ్యిలో మండే పీట్ మట్టి కోతకి ఇద్దరు కావాలి. ఒకరు గోతిలో దిగి తడినేలని ఇటుకల్లా కోసి పైకి విసరాలి. రెండోవాళ్ళు గట్టు మీద నిలబడి ఆ గడ్డల్ని చేతుల్లో పట్టుకుని ఎండకి పరవాలి. అవి ఎండితేనే చలికాలం పొయ్యి వెలుగుతుంది. ఇరవై రెండేళ్ళుగా కోసేది బార్ట్లీ, పట్టేది డీలియా. ఆ మొగుడూ పెళ్ళాం సవ్యంగా కలిసి చేసే పని అదొక్కటే.

డీలియా మనసుపడింది బార్ట్లీ మీద కాదు, అతని తమ్ముడు ఫెస్టీ మీద. పెళ్ళి పది రోజులుందనగా ఫెస్టీ కనబడకుండా పోయాడు. "ఇంగ్లండు పడవెక్కడం నా కళ్ళతో చూశాను. నీకు చెప్పొద్దన్నాడు," అన్నాడు బార్ట్లీ, తల వంచుకుని. ఊరంతా ఆమె మీద జాలిపడింది. ఆ జాలి భరించలేక ఏడాది తిరక్కుండా బార్ట్లీనే కట్టుకుంది. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. దీపం ఆర్పాక ఆమెకి మిగిలిన సుఖం అదే. ఉత్తరం ముక్కైనా రాయని ఫెస్టీని రోజూ తిట్టుకునేది, తిట్టుకుంటూనే ఎదురుచూసేది. ఇలాంటి బతుకు పగవాళ్ళకి కూడా వద్దు.

వాళ్ళ గట్టుకి ఉత్తరపు మూల ఏనాడూ కొయ్యలేదు. అక్కడి మట్టి కాటుకలా నల్లగా ఉంటుంది, అంత బాగా మండేది ఆ చుట్టుపక్కల లేదు. నీళ్ళు బయటికి పోయేలా కాలవ తీసి కోసుకోవడం ఎవరైనా చేసే పని. బార్ట్లీ మాత్రం కాలవకి అడ్డంగా కట్ట వేశాడు. "అక్కడ నేల మంచిది కాదు, జోలికి పోకు," అనేవాడు. ఈ వసంతంలో అతను దగ్గుతో మంచం పట్టినప్పుడు, డీలియా మూడు రోజులు తవ్వి ఆ కట్ట తెంచేసింది. ఇన్నేళ్ళూ నిలవున్న నీళ్ళు కాలవ వెంట బయటికి పోయాయి.

"కట్ట ఎవరు తెంచారే?" అన్నాడు బార్ట్లీ, గట్టు చూడగానే.

"నేనే. ఏం, మీ తాత కట్టించిన కోటా?"

అతని మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "ఒంట్లో బాగాలేదు. ఇంటికి పోదాం పద."

"నీ ఒంట్లో బాగున్నదెప్పుడులే. గోతిలోకి దిగు."

దక్షిణపు చివర ఓ గంట కోశాడు. ఉత్తరం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత పార గట్టున గుచ్చి, "టీకి నీళ్ళు తెస్తా," అని కెటిల్ పట్టుకుని ఊట వైపు వెళ్ళాడు.

అతను వెళ్ళిన కాసేపటికి సముద్రం మీంచి మంచు దిగింది. ముందు కొండలు పోయాయి, తర్వాత గాడిద పోయింది, ఆ తర్వాత డీలియాకి తన కాళ్ళే కనబడటం మానేశాయి. పిట్టల కూత ఆగిపోయింది. ఎప్పటివో నీళ్ళ వాసన, తడి ఉన్ని వాసన ముక్కుకి కొట్టాయి.

ధప్.

ఉత్తరపు మూల నుంచి ఒక గడ్డ గట్టు మీద వచ్చి పడింది.

"వచ్చావా? ఇప్పటికి బుద్ధొచ్చిందన్నమాట," అంటూ డీలియా తడుముకుంటూ అటు నడిచి చేతులు చాచింది. రెండోది సరిగ్గా అరచేతుల్లో పడింది. మంచుగడ్డంత చల్లగా ఉంది. పరిచి తిరిగేసరికి మూడోది... నాలుగోది... పట్టుకోవడమే తప్ప ఊపిరి తీసుకునే వీల్లేదు.

"ఏమయ్యా, ఇవాళ కుర్రాడివైపోయావా? దగ్గేమైంది?"

దగ్గు వినబడలేదు. కింద పార మట్టిలో దిగుతున్న చప్పుడు... అంతే.

ఏడో గడ్డ పరుస్తుండగా వేళ్ళు ఆగిపోయాయి. కోతపారకి పక్కన ఓ రెక్క ఉంటుంది, అది తగిలిన వైపు గడ్డ నున్నగా తెగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేళ్ళకి తెలిసిన నునుపు ఒకవైపే. ఇది రెండో వైపు నున్నగా ఉంది. ఎడమచేతి వాటం వాడి కోత. ఆ ఊళ్ళో ఎడమచేత్తో కోసినవాడు ఒక్కడే.

ఎనిమిదో గడ్డ చేతుల్లో పడింది. అందులోంచి ఏదో వేలాడుతోంది... ఉన్ని నడికట్టు. అంచున మూడు ముళ్ళు. ఫెస్టీ కోసం తాను నేసి, తాను వేసిన ముళ్ళు. నిన్న నేసినట్టుంది.

వెనక కెటిల్ మూత గలగలమంది.

"డీలియా..." మంచులోంచి బార్ట్లీ వచ్చాడు. "అక్కడ కోస్తున్నదెవరే?"

ఆమె గడ్డని ఎత్తి చూపించింది. అతను నడికట్టుని చూశాడు. కెటిల్ చేతిలోంచి జారిపోయింది.

"నేను తొయ్యలేదు," అన్నాడు గొణుగుతూ. "వాడే జారాడు... నడుం దాకా..."

అతని కాళ్ళ కింద గట్టు అంచు విరిగింది. నేల మెత్తగా నోరు తెరిచి అతన్ని నడుం దాకా మింగింది. బయటికి పోయిన నీళ్ళు ఎక్కణ్ణుంచో మళ్ళీ వచ్చి బుడబుడమన్నాయి.

"డీలియా! చెయ్యి ఇవ్వు!"

ఆమె చేతుల్లో ఇంకా ఆ గడ్డ ఉంది.

"వాడూ ఇలాగే అడిగాడా?"

"చెయ్యి ఇవ్వవే, నీ కాళ్ళు పట్టుకుంటా..."

"అడిగాడా?"

"అడిగాడు."

ఏటా వాళ్ళిద్దరూ కూర్చుని టీ తాగే చోటికి ఆ మూల ఇరవై అడుగుల దూరం కూడా లేదు. పారిపోయాడని తాను శాపనార్థాలు పెట్టినవాడు ఇన్నేళ్ళూ అక్కడే ఉన్నాడు. డీలియా ఆ గడ్డని కింద పెట్టలేదు. బుడగలు ఆగిపోయేదాకా గుండెలకి హత్తుకుని నిలబడింది.

పక్కగట్టు కోసుకునే మాలకీ అనే అతనూ, మరో నలుగురూ రెండు రోజులు ఆ మూలని అడుగు దాకా తవ్వారు. పెద్దవాడూ దొరకలేదు, చిన్నవాడూ దొరకలేదు.

ఇప్పటికీ జూన్ రాగానే డీలియా ఒక్కతే గట్టుకి వెళుతుంది. "కోసేవాడు లేకుండా అంత పీట్ ఎలా తెస్తున్నావమ్మా?" అని మాలకీ అడిగితే, "నీ పని నువ్వు చూసుకో," అంటుంది. మంచు దిగగానే చేతులు చాచి నిలబడుతుంది. మొదటి రెండేళ్ళూ అన్నీ ఎడమచేతి గడ్డలే వచ్చాయి. అవి పట్టుకుని సిగ్గులేకుండా ఏడ్చింది.

ఈ ఏడాది గడ్డలు రెండు రకాలుగా వచ్చాయి. ఒకటి ఎడమచేతిది, ఒకటి కుడిచేతిది. ఆఖరి గడ్డ పడ్డాక పార చప్పుడు ఆగింది. కింద మంచులోంచి గొంతు వినబడింది... అదే గొంతు... ఇద్దరిదీ ఒకటే అయిన గొంతు.

"డీలియా... చెయ్యి ఇవ్వు."