మూత మీద గీత

కోడలు ఆయన పళ్ళు పాడుచేసింది. అందులో అనుమానానికి చోటే లేదు.

పెట్టించుకున్న కొత్తలో ఆ కట్టుడు పళ్ళు నోట్లో బిగువుగా కూర్చున్నాయి. ఇప్పుడు మాట్లాడితే జారుతున్నాయి, నమిలితే టకటకమంటున్నాయి. మొన్న మంగలి దుకాణంలో ఎవరితోనో గట్టిగా వాదించబోతే పై వరస ఊడి ఒళ్ళో పడింది. గడ్డం గీయించుకుంటున్నవాడు మొహాన సబ్బు నురగతోనే పడీ పడీ నవ్వాడు. బతుకంతా తలుపులూ కిటికీలూ బిగించిన వడ్రంగి ఆయన. బిగువుగా ఉన్నది దానంతటది వదులు కాదని ఆయనకు తెలుసు. ఎవరో చెయ్యి పెట్టాలి. భార్య పోయింది. కొడుకు బస్సు డ్రైవరు, ఎక్కితే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలియదు. ఇక మిగిలిందెవరు?

"మావయ్యా, రొట్టె పాలల్లో నానబెట్టాను. చల్లారకముందే తినండి," అంది కోడలు, పొద్దున్నే గిన్నె ముందు పెడుతూ.

"నానబెట్టమని నేనడిగానా?"

"గట్టిది నమల్లేకపోతున్నారు కదా అని."

"నమల్లేకుండా చేసిందెవరో?"

"నన్నడుగుతారేంటి? నేనేమన్నా పళ్ళ డాక్టర్నా?" అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ చెయ్యే ఆయనకు కంటగింపు. నవ్వేవాళ్ళు తిన్నగా నవ్వరా? తన బోసినోటిని వెక్కిరించే నవ్వు కాబట్టే దాచుకుంటోంది. అందరూ తిన్నాక ఒక్కతే కూర్చుని తింటుంది. స్నానాలగదిలో గొళ్ళెం పెట్టుకుని ఎంతసేపటికీ బయటికి రాదు. దాపరికం మనిషి.

పళ్ళు ఇచ్చిన రోజున డాక్టరు ఏవేవో జాగ్రత్తలు చెప్పాడు. తీసినప్పుడల్లా నీళ్ళలో వేసి ఉంచమన్నాడు. చిగుళ్ళకు ఒరుసుకుంటే తన దగ్గరికే రమ్మన్నాడు. వడ్రంగి ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేశాడు. వానకు నానిన తలుపు ఉబ్బిపోవడం ఆయన చూడనిదా? అందుకే పళ్ళు తీయగానే తుడిచి, పొడిగుడ్డలో చుట్టి, తనే చేసుకున్న చెక్కపెట్టెలో పెట్టేవాడు. ఒరుసుకున్న చోట గరుకు కాగితంతో రుద్దాడు. అది పనితనం. దానికి డాక్టరెందుకు?

నిన్న మధ్యాహ్నం పడుకునే ముందు పెట్టె మూత మీది నుంచి కింది చెక్క దాకా పెన్సిలుతో సన్నటి గీత గీశాడు. రెండు చెక్కలు జతచేసేటప్పుడు వడ్రంగులు పెట్టుకునే గుర్తే అది. లేచి చూస్తే మూత మీది గీత ఒక పక్కన, చెక్క మీది గీత ఇంకో పక్కన. లోపలి గుడ్డ చెమ్మగా ఉంది.

"సాయంత్రం నీ మొగుడు దిగుతున్నాడుగా," అన్నాడు రొట్టె పక్కకు నెట్టేసి. "రానీ. ఈ ఇంట్లో నువ్వుండాలో నేనుండాలో తేల్చేస్తాను."

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడేమైందని మావయ్యా?"

"ఏమైందో నీకే తెలియాలి."

మధ్యాహ్నం గోడవైపు తిరిగి దొంగనిద్ర పోయాడు. చేతిగాజుల చప్పుడైంది, పెట్టె కదిలింది. కాసేపాగి పిల్లిలా పెరట్లోకి నడిచాడు. కోడలు కుళాయి కింద నీళ్ళ బేసిను పెట్టుకుని, ఆయన పళ్ళు దాని మీదుగా పట్టుకుని, చిన్న బ్రష్షుతో తోముతోంది.

"దొరికావా!" అని అరిచాడు. ఆమె ఉలిక్కిపడింది. చేతిలోని పళ్ళు బేసిను నీళ్ళలో బుడుంగున పడ్డాయి.

"నా నోరు మూయించాలని ఎన్నాళ్ళనుంచి అరగదీస్తున్నావే?"

"అరగదీసింది నేను కాదు మావయ్యా, మీరే! పెట్టె నిండా మీరు రుద్దిన పొడి. చిగుళ్ళకు ఆనుకునే చోటే రుద్దేస్తే ఇంకెలా నిలుస్తాయవి? ఎండబెడితే వంకర పోతాయని, మీరు పడుకున్నప్పుడల్లా తీసి నీళ్ళలో వేస్తున్నాను."

"అంత మంచిదానివి నాకు చెప్పొచ్చుగా?"

"మీకు చెప్పడం కంటే గోడకు చెప్పడం నయం."

"పళ్ళ డాక్టర్ని కానన్నావు పొద్దున. ఇవన్నీ నీకెలా తెలుసు? చెప్పు! నీ మొగుడి ముందైనా చెప్పాలి."

పక్కింటి గోడ మీద ఒక తల లేచింది. కోడలు దానికి వీపు పెట్టి నిలబడింది. నోట్లో వేలు పెట్టి ఏదో కదిపింది. అరచేయి ఆయన ముందు చాపింది. అందులో చిగుళ్ళ రంగు చిన్న పలక. దానికి నాలుగు కట్టుడు ముందు పళ్ళు.

చూస్తూండగానే ఆ నిండు మొహం ముసలిదైపోయింది.

"పెళ్ళికి ముందే మెట్ల మీద పడ్డాను," అంది. మాటల్లోంచి గాలి పోతోంది. "చెబితే సంబంధం తప్పిపోతుందని అమ్మ చెప్పనివ్వలేదు. తర్వాత నాకే నోరు రాలేదు. మీ అబ్బాయికి ఇప్పటికీ తెలీదు. అత్తయ్య ఒక్కతే కనిపెట్టింది. నేనూ మీలాగే ఎండబెట్టి పాడుచేసుకుంటే, తనకు మోకాళ్ళ నొప్పులని మీతో చెప్పి, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎలా తోమాలో, ఎలా నానబెట్టాలో పక్కన కూర్చుని నేర్పించింది."

మోకాళ్ళ నొప్పులు ఆయనకు గుర్తున్నాయి. నడిచి వెళ్ళి నడిచి వచ్చేదానికి నొప్పేమిటని సణిగిందీ గుర్తుంది. కట్టుకున్నది పోయేదాకా తనతో ఒక్క ముక్క అనలేదు. తనను నమ్మలేదన్నమాట. కోపం గొంతుదాకా వచ్చింది. అప్పుడే తెలిసివుంటే తనేం చేసేవాడో కూడా ఆ వెంటనే తోచింది. పళ్ళులేని పిల్లను అంటగట్టారని వీధి వీధంతా చాటేవాడు. భార్య ఆయన్ని సరిగ్గానే కొలిచింది.

వడ్రంగి కళ్ళు చెమర్చాయి. ఆయన మొహం తిప్పుకోలేదు.

"పెట్టుకో," అన్నాడు. "అటు పక్కింటావిడ చూస్తోంది." తనే రెండడుగులు జరిగి ఆ గోడకూ కోడలికీ మధ్య నిలబడ్డాడు.

సాయంత్రం కొడుకు చెప్పులు విప్పకుండానే మొదలెట్టాడు. "ఏంటి నాన్నా, పెరట్లో గొడవటగా? పక్కింటావిడ వీధి మొదట్లోనే పట్టుకుని చెప్పేసింది. ఈమె ఏదో దాచిందట, మీరు పట్టుకున్నారట!"

వంటింటి గుమ్మంలో కోడలు కొయ్యబారిపోయింది.

వడ్రంగి నోరు తెరిచాడు. పై వరస జారింది. వేలితో పైకి నెట్టుకున్నాడు. "నా పళ్ళు నేనే రుద్ది పాడుచేసుకున్నాను. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

"అది సరే. మరి ఈమె దాచిందేంటి?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుండానే అంత అరిచారా?" కొడుకు భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

"దాన్నడక్కు!" ముసలాయన లేచి నిలబడ్డాడు. "అరిచింది నేను. అడిగితే నన్నడుగు. అడిగినా చెప్పను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ చెప్పను. అన్నం పెట్టమను. ఆ సంగతి మాత్రం నేను పోయేదాకా నా నోటమ్మట రాదు."