ఆమెన్ తర్వాత కునుకు

"ఆమెన్" అన్నారందరూ. అందరూ కళ్లు తెరిచారు, ఒక్క క్రాంతికుమార్ తప్ప.

నందిగామలో డేవిడ్‌రాజు మాస్టారింట్లో ఆ సాయంత్రం గృహకూడిక, నెలకోసారి ఒక్కొక్కరింట్లో పెట్టుకునే ప్రార్థన. జగ్గయ్యపేట నుంచి తల్లి జయమణిని వెంటబెట్టుకుని వచ్చాడు క్రాంతి. పేరుకు కూడికే గానీ అసలు సంగతి పెళ్లిచూపులు. మాస్టారి కూతురు జెరూషా, క్రాంతి ఒకే స్కూల్లో టీచర్లు. ఆమె లెక్కలు, ఇతను సైన్సు. స్టాఫ్‌రూమ్‌లో మొదలైన కబుర్లు మెల్లగా ఇంటి గడపదాకా వచ్చాయి.

"ఎంత భక్తో చూడండి!" అని జెరూషా వాళ్ల గ్రేసీ పిన్ని మురిసిపోయింది. ఆ మురిపెం తీరకముందే గుర్రు వినిపించింది.

జయమణి మెల్లగా పిలిచి పిలిచి, చివరికి కొడుకు డొక్కలో పొడిచింది. క్రాంతి ఉలిక్కిపడి లేచి, గది అదిరేలా "ఆమెన్!" అన్నాడు. అప్పటికి అందరి చేతుల్లోనూ టీ కప్పులున్నాయి.

జెరూషా చున్నీతో నోరు మూసుకుని లోపలికి పారిపోయింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. వీళ్లు బయల్దేరేటప్పుడు క్రాంతిని వాకిట్లో నిలబెట్టారు.

"బాబూ, ఒంట్లో ఏవన్నా జబ్బా? అలవాట్లేమన్నా ఉన్నాయా?"

"అయ్యో, అట్టాంటివేం లేవండి!"

"మరి నలుగురి మధ్య కూర్చుని నిద్రేంటయ్యా? ఇట్టాంటివాడి చేతిలో పిల్లనెట్టా పెట్టేది? వచ్చే నెల కూడిక మీ ఇంట్లోనేగా. అప్పటిదాకా ఈ మాట ఎత్తకండి."

క్రాంతి తల వంచుకుని తల్లి వెంట బస్టాండు దారి పట్టాడు.

మర్నాడు స్కూలు వదిలాక నందిగామ బస్టాండులో వాన. మిరపకాయ బజ్జీల బండి ముందు నిలబడ్డ క్రాంతి నెత్తిమీదికి ఒక గొడుగొచ్చింది. కింద జెరూషా ఉంది, మొహం మాడ్చుకుని.

"ఆ పొట్లం అక్కడ పెట్టేయండి సార్."

"సారీ అండి. నిన్న నిజంగా..."

"సారీ నాకెందుకు? రాత్రి ఎన్నింటికి తిన్నారు?"

"పదయిందండి. మా ఫ్రెండు నవీన్‌బాబు బండి మీద గరికపాడు తీసుకెళ్లాడు. దాబాలో రోటీ, చికెన్ ఫ్రై."

"తిని?"

"ఇంటికొచ్చి పడుకున్నా."

"పొద్దున టిఫిను?"

"బస్సు పోద్దని తినలేదు. టీ తాగా."

"మధ్యాహ్నం క్యారేజీ మొత్తం పేపర్లు దిద్దుతూ మింగేస్తారు, అది నేనూ చూశా. ఇప్పుడేమో బజ్జీలు. మీరు పడుకున్నా మీ కడుపు రాత్రంతా డ్యూటీ చేస్తోంది సార్. ఇంక ఒళ్లు నిద్రపోయేదెప్పుడు? ముందు డాక్టర్ దగ్గరికెళ్లండి."

"ఏదన్నా ఉందంటే?"

"ఉంటే మందులు వాడదాం" అంది ఆమె. ఆ "వాడదాం"లో తను కూడా ఉందని తట్టేసరికి క్రాంతికి వాన చల్లదనం కూడా హాయిగా అనిపించింది.

రక్తపరీక్షలో షుగరు లేదు, థైరాయిడ్ లేదు, రక్తం తక్కువా కాదు. "తిండికో వేళ పెట్టుకో, అంతే" అన్నాడు డాక్టరు. ఆ మాట విని క్రాంతి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ రోజు నుంచి స్టాఫ్‌రూమ్‌లో జెరూషా పెత్తనం మొదలైంది. క్యారేజీ తెరవగానే ఎదురు కుర్చీలో కూర్చుని తన చిన్నప్పటి అల్లరంతా కథగా చెప్పేది. అతను నమిలినంతసేపే కథ.

"వేదాద్రి దగ్గర పడవెక్కా. నాన్న వద్దంటున్నా అంచున కూర్చున్నా. అప్పుడేమో..."

"అప్పుడు?"

"గుటుక్కున మింగేశారు. కథ ఆపేశా."

పడవలో ఏమైందో తెలుసుకోవడానికి క్రాంతి తోటకూర పప్పన్నం ముద్దముద్దా నమిలాడు. పొద్దున ఇడ్లీ తినకుండా బస్సెక్కడం మానేశాడు. రాత్రి అన్నం పెందలాడే ముగించి చెరువుకట్ట దాకా నడిచొచ్చేవాడు. గరికపాడు ప్రయాణాలు ఆగిపోయేసరికి నవీన్‌బాబు అలిగాడు.

మొదట్లో తేడా ఏమీ తెలియలేదు. ఒక పొద్దున మాత్రం ఎవరూ లేపకుండానే లేచాడు. కొడుకు తనంతట తనే లేవడం చూసి జయమణి కంగారుపడి నుదుటిమీద చెయ్యిపెట్టి జ్వరముందేమో చూసింది. ఆ వారమే ఆఖరి పీరియడ్‌లో, ఎప్పుడూ కుర్చీకి అతుక్కుపోయే సారు బోర్డు ముందు అటూ ఇటూ తిరిగి పాఠం చెబుతుంటే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

కూడిక ఆదివారం రానే వచ్చింది. నందిగామ వాళ్లంతా మధ్యాహ్నం భోజనానికే దిగారు. జయమణి గోంగూర మటన్ వండింది. "ఇంకొంచెం వేసుకోండి మాస్టారండీ" అని కొసరి కొసరి వడ్డించింది. క్రాంతి మితంగా తిని, మజ్జిగ తాగి కూర్చున్నాడు.

సంఘం పాస్టరు దేవరాజ్ అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే జబ్బుపడినవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, చందర్లపాడు మిరపచేలు, హైవే మీద లారీలు, దేన్నీ వదలరు. కళ్లు మూసుకున్న క్రాంతి ప్రతి మాటా విన్నాడు. కునుకు జాడే లేదు. గట్టెక్కానని మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

అంతలో పక్కనుంచి సన్నగా గుర్రు.

ఒక కన్ను తెరిచాడు. డేవిడ్‌రాజు మాస్టారి గడ్డం గుండెకు ఆనింది. ఎదురుగా జెరూషా కూడా చూసేసింది, పాపం, మొహం పాలిపోయింది. అయ్యగారు "ఆమెన్" దగ్గరికి వచ్చేస్తున్నారు. ఇంకో క్షణంలో అందరి కళ్లూ తెరుచుకుంటాయి.

"ఆమెన్."

"ఎవరూ కళ్లు తెరవకండి!" అని గట్టిగా అన్నాడు క్రాంతి. "నేనూ ఒక చిన్న ప్రార్థన చేస్తానండి. ప్రభువా, ఈ పూట మేం తిన్న అన్నాన్ని మాకు బలంగా మార్చు. పెద్దవాళ్లకు మంచి ఆరోగ్యమివ్వు..."

ఆ గొంతుకు మాస్టారు ఉలిక్కిపడి సర్దుకున్నారు. ఈసారి అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆయనే.

టీలు అయ్యాక మాస్టారు క్రాంతిని వరండాలోకి పిలిచారు.

"ఎంతసేపు పడుకున్నానయ్యా?"

"పడుకోవడమేంటండి? మీరు భక్తిలో ఉన్నారు."

మాస్టారు పకపకా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. "మీ అమ్మ వడ్డిస్తుంటే వద్దనలేకపోయా. ఆ రోజు నిన్ను అనరాని మాటన్నా. నువ్వేమో నలుగురిలో నా పరువు నిలబెట్టావు." అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి కేకేశారు. "జెరూషా, మజ్జిగ పట్రామ్మా!"

గ్లాసు తెచ్చింది జెరూషా. "ఇదిగో నాన్నా."

"నాక్కాదు. ముందు మా అల్లుడికివ్వు."

నెల రోజుల భారం ఒక్కసారిగా దిగిపోయి క్రాంతికి కళ్లు చెమర్చాయి. గ్లాసందుకున్నాడు. మాస్టారు జయమణితో మాట్లాడటానికి లోపలికి వెళ్లారు.

"మెల్లగా తాగండి" అంది జెరూషా.

"కథ చెప్తారా మరి? పడవలో ఏమైందో ఇంకా చెప్పలేదు."

"ఇంక ఎప్పుడూ మీకే చెప్తాగా" అంది ఆమె నవ్వుతూ. "గుటుక్కున మింగారో, ఆపేస్తా!"