మూడో బేస్ దగ్గర ఎత్తిన చేతులు

శనివారం పొద్దున్నే ఓపల్ పొయ్యి దగ్గర పాన్‌కేకులు తిరగేస్తోంది. పదకొండేళ్ళ మనవరాలు ట్రూడీ బల్ల దగ్గర కూర్చుని సాఫ్ట్‌బాల్ సాధనకి బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. బంతి కొట్టి, వరసగా మూడు బేస్‌లూ తాకి, మొదలెట్టిన హోమ్‌కి చేరితే పరుగొచ్చే ఆట అది. ఓపల్ కూతురు, ట్రూడీ జట్టుకి కోచ్ అయిన మార్లిస్ మాత్రం నిలబడే కాఫీ తాగుతోంది. కూర్చుంటే ఆ కుంటి మోకాలితో మళ్ళీ లేవడం ఎంత కష్టమో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇవాళైనా నావైపు చూడు," అంది మార్లిస్ కూతురితో. "రెండో బేస్ దాటాక బంతెక్కడుందో నీకనవసరం. మూడో బేస్ దగ్గర నేనుంటా. చెయ్యి తిప్పితే పరుగెత్తు, రెండు చేతులూ ఎత్తితే ఆగు. అంతే!"

"చూస్తూనే ఉన్నానుగా అమ్మా."

"నన్ను కాదు, నా పక్కకి చూస్తున్నావు. నేను వెళ్ళమంటుంటే ఆగిపోతున్నావు. ఇప్పటికి మూడు వారాలైంది. ఇవాళా అదే చేశావంటే జట్టులోంచి తీసేస్తా. నా కూతురివని వదిలేస్తున్నానని మిగతా తల్లులు గుసగుసలు మొదలెట్టారు."

ట్రూడీ పెదవి కొరుక్కుంది. ఆ పిల్లకి ఆటంటే ప్రాణం.

"అయ్యకి తగ్గ కూతురివే," అంది ఓపల్ పెనం మీంచి తలెత్తకుండా. "పిల్ల కాళ్ళు విరిగేదాకా నిద్రపట్టదు మీకు."

ఇరవై రెండేళ్ళ కింద, పదిహేడేళ్ళ వయసులో, మార్లిస్ మూడో బేస్ దాటి హోమ్‌కి పరుగెత్తి, అక్కడ బంతి అందుకునే క్యాచర్‌ని గుద్దుకుంది. మోకాలు నుజ్జయింది, ఆట అక్కడితో సరి. ఆ రోజు మూడో బేస్ దగ్గర కోచ్‌గా నిలబడ్డది ఆమె తండ్రి వెర్లిన్. "నేనే పంపాను," అన్నాడాయన. పరుగెత్తిన పిల్ల అవుటైతే పంపినవాడిదే తప్పనేది ఆ ఊరి కోచ్‌ల కట్టుబాటు. ఓపల్ ఆ రాత్రే మొగుడి పక్క వేరే గదిలో వేసింది. పాపం, ఆయన కిక్కురుమనకుండా పడున్నాడు. మొన్న ఫిబ్రవరిలో పోయాడు. ఆయన సమాధి మీద ఓపల్ ఇంతవరకూ ఒక్క పువ్వు పెట్టలేదు.

మైదానం మొక్కజొన్న చేల అంచునే ఉంది. మూడో బేస్ పక్కన కోచ్ నిలబడే గడిలో మట్టిని మార్లిస్ తనే చదును చేసి, చుట్టూ సున్నం గీత గీసింది. తర్వాత పిల్లలకేసి అరిచింది.

"బంతి విసిరే పిచ్చర్ చేతిలోంచి అది వదిలేదాకా బేస్ మీంచి కాలు తియ్యొద్దు! తీశారా, అవుటే!"

బంతి వదలగానే ట్రూడీ రెండో బేస్ నుంచి లేడిపిల్లలా దూకింది. మార్లిస్ చెయ్యి గిరగిరా తిప్పింది. మూడో బేస్ మీద కాలు పడగానే పిల్ల మేకు దిగేసినట్టు ఆగిపోయింది. మొహం పాలిపోయింది. ఆ చూపు తల్లి మీద లేదు, తల్లి భుజం పక్కన ఉంది. చేలో ఒక్క ఆకు కదలడం లేదు. కానీ మార్లిస్ పాదాల దగ్గర మాత్రం దుమ్ము మెల్లగా లేస్తోంది.

"ఎందుకాగావు?"

"చేతులెత్తాడమ్మా."

"ఎవరే?"

"తాత."

మార్లిస్‌కి కోపం నషాళానికంటింది. "పోయిన మనిషిని అడ్డం పెట్టుకుంటావా? దిగు! వెళ్ళి బెంచీ మీద కూర్చో. అయిపోయింది నీ ఆట!"

ట్రూడీ బావురుమంది. "నన్నాపడానికి కాదమ్మా! తాత అసలు నావైపు చూడనే చూడడు. నీ పక్కన నిలబడి నీ మొహంలోకి చూస్తూ చేతులెత్తుతాడు. నువ్వు చెయ్యి తిప్పినప్పుడల్లా వద్దు వద్దని తలూపుతాడు. ఇవాళ ఏడుస్తున్నాడు."

మార్లిస్ కిందికి చూసింది. చదును చేసిన మట్టిలో తన సన్నటి బూటు గుర్తులున్నాయి. వాటికి జానెడు దూరంలో, తనవైపే తిరిగి, మడమలు లోతుగా దిగిన రెండు వెడల్పాటి అడుగులున్నాయి. గడిలోకి వచ్చిన జాడ లేదు, వెళ్ళిన జాడ లేదు.

ఆ ఎత్తిన చేతులు ఆమెకి తెలుసు. ఆ రోజూ చూసింది. చూసి కూడా, ఊళ్ళో తనని మించి పరుగెత్తేవాళ్ళు లేరన్న పొగరుతో దూసుకుపోయింది. ఆసుపత్రిలో తను నోరు తెరిచేలోపే తండ్రి "నేనే పంపాను" అనేశాడు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ఇరవై రెండేళ్ళయినా రాలేదు.

పిల్లల్ని ఇళ్ళకి పంపేసి ట్రూడీని కార్లో ఎక్కించుకుంది. "నిన్ను జట్టులోంచి తియ్యడం లేదు," అని మాత్రం అంది దారిలో.

ఇంట్లో ఓపల్ గిన్నెలు కడుగుతోంది.

"అమ్మా, ఆ రోజు నాన్న నన్ను పంపలేదు. రెండు చేతులూ ఎత్తి ఆగమన్నాడు. నేను చూసే పరుగెత్తాను."

ఓపల్ చేతిలో పళ్ళెం నీళ్ళలోకి జారింది. కుళాయి అలా కారుతూనే ఉంది.

"మళ్ళీ చెప్పు."

మార్లిస్ మళ్ళీ చెప్పింది. మైదానంలో ట్రూడీకి తాత కనబడుతున్న సంగతీ చెప్పింది.

"ఇరవై రెండేళ్ళు ఆ మనిషికి నవ్వుతూ ఒక్క ముద్ద పెట్టలేదే నేను!" అని అరిచింది ఓపల్. "పోయే ముందురోజు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నానే! నీకు నోరెందుకు పెగల్లేదే?"

"భయమేసిందమ్మా. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఓపల్ చెయ్యెత్తింది. కొడుతుందనుకుని మార్లిస్ కళ్ళు మూసుకుంది. తల్లి ఆమె తలని గట్టిగా భుజానికి అదుముకుంది. ఇద్దరూ గొల్లుమన్నారు.

"నీ మీద కోపం పోలేదు, తెలుసా?"

"తెలుసమ్మా."

అంతలో గుమ్మంలో ఉన్న ట్రూడీ ఎవరికో దారిస్తున్నట్టు పక్కకి జరిగింది. ఓపల్ అది చూసింది.

"ఎక్కడున్నాడే?" అంది మెల్లగా.

"నీ కుడిపక్కన, అమ్మమ్మా. నిన్నే చూస్తున్నాడు."

ఓపల్ సబ్బు నురగతో ఉన్న చేతిని కుడివైపు గాలిలోకి చాచింది. ఈసారి వెనక్కి తీసుకోలేదు.