చైత్రంలో మంచు

నీలకోనలో ఆకాశం చూసి వాతావరణం అంచనా వేసే అలవాటు పోయి చాలా ఏళ్లయింది. ఇరవైరెండో శతాబ్దంలో తూర్పు కనుమల మీద వెలసిన ఆ ఆపిల్ తోటల ఊరికి చలి ఎన్నాళ్లుండాలో, ఎండ ఎప్పుడు ముదరాలో ‘ఋతుసారథి’ అనే యంత్రమే చూసుకునేది. కక్ష్యలో తిరిగే పల్చటి అద్దాలు దాని చేతులు. అద్దాన్ని ఇటు తిప్పితే తోట మీద ఎండ పెరుగుతుంది. అటు వంచితే చలి పెరుగుతుంది.

ఉగాది వెళ్లింది. మొగ్గలు గులాబి రంగుకు తిరిగాయి. సరిగ్గా అప్పుడు మంచు కురిసింది.

ఆ యంత్రాన్ని నడిపే కేంద్రానికి అధిపతి అయిన డాక్టర్ వకుళకు తన సహచరుడు నిశాంత్ మీద అనుమానం వచ్చింది. చలికాలం పొడిగించి చూద్దామని నిరుడు పట్టుబట్టింది అతనే. అతన్ని నియంత్రణ గదిలోకి రానివ్వొద్దని పొద్దున్నే యంత్రానికి చెప్పేసింది.

“ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదా మేడమ్? మొగ్గలు మాడిపోతే నాకేం ఒరుగుతుంది?” అన్నాడు నిశాంత్ తలుపు అవతలి నుంచి.

“నీ ప్రయోగం పూర్తవుతుంది,” అంది వకుళ.

వకుళ యంత్రం వైపు తిరిగింది.

“సారథీ, ఈ మంచు ఎవరి పని?”

“ఊరివాళ్లది. పక్క తోటలో పురుగు పడితే, అది తమ తోటకు పాకకుండా అక్కడ చలి పెంచమని కోరే హక్కు ప్రతి ఇంటికీ ఉంది. ఆ కోరిక గుట్టుగా ఉంచడం నా బాధ్యత. ఈసారి అన్ని ఇళ్లూ తమ పక్క తోట మీద కోరాయి. అన్ని తోటల మీదా చలి పెంచాను.”

“పురుగు ఉందా?”

“వెతికాను. ఎక్కడా లేదు.”

“మరి రుజువు అడగలేదేం?”

“అడగమని మీరు నేర్పలేదు. నిశాంత్ గారిని ఆపమన్నప్పుడూ నేను రుజువు అడగలేదు.”

వకుళ ముఖం కందిపోయింది. వెళ్లి తలుపు తీసింది. “నిశాంత్, నాదే తప్పు,” అంది. అతను ఆమె కళ్లలోకి చూడకుండానే, “ముందు మొగ్గల సంగతి చూద్దాం పదండి,” అన్నాడు.

రైతులందరినీ ఆపిల్ గోదాములో సమావేశపరిచారు. వకుళ పేర్లేవీ చెప్పకుండా జరిగింది చెప్పింది. “మీ కోరికలు కొట్టేసే అధికారం మాకు లేదు. ఎవరి కోరిక వాళ్లు వెనక్కి తీసుకుంటే చాలు. అదీ గుట్టుగానే ఉంటుంది. రేపటికల్లా ఎండ రాకపోతే కాపు పోయినట్టే.”

రైతుల్లోంచి మల్లాడి సత్తెమ్మ లేచి, “మేమట్టాంటోళ్లం కాదమ్మా. మా పక్కోళ్లను అడగండి,” అంది. పక్కవాళ్లు భగ్గుమన్నారు. అరుపుల మధ్యే సమావేశం ముగిసింది.

మర్నాడు పొద్దున నిశాంతే యంత్రాన్ని అడిగాడు. “వెనక్కి తీసుకున్నారా?”

“ఒక్కరూ తీసుకోలేదు. పక్కింటివాళ్లకు చలి కోరే హక్కు తీసేయమని మాత్రం ప్రతి ఇల్లూ కోరింది. అందరికీ తీసేశాను. హక్కు పోయినవారి పాత కోరికలు చెల్లవు. అద్దాలు తిరుగుతున్నాయి.”

వకుళ, నిశాంత్ బయటికి పరుగెత్తారు. నీలకోన మీద వెచ్చటి ఎండ పరుచుకుంటోంది. కొమ్మల మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. సగానికి పైగా మొగ్గలు బతికే ఉన్నాయి. రైతులంతా తోటల్లోకి వచ్చి నిలబడ్డారు. సొంత చెట్లను ఎవరూ చూడటం లేదు. తమకంటే ముందు ఎవరి మంచు కరుగుతుందోనని పక్క తోటల వైపు చూస్తున్నారు.