ఆదివారం మూడింటి సర్వీసు

జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బిందుమాధవి ఇంట్లో నెట్ పోయింది. బయట వాన. కర్మన్‌ఘాట్‌లో వాళ్ల వీధిలో డ్రైనేజీ పైపు కోసం తవ్వుతున్న జేసీబీ ఆ పైపు తప్ప మిగతావన్నీ పైకి తీసింది. అందులో నెట్ కేబుల్ కూడా ఉంది.

బిందు రూటర్ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"సర్వీసు మూడింటికి మొదలవుతుందండీ. ఆలోపు నాకు నెట్ కావాలి."

"సర్వీసు ఆరింటిదాక రాదు మేడం. కేబుల్ తెగింది," అన్నాడు అవతలి మనిషి.

"మీ సర్వీసు కాదు. చర్చి సర్వీసు. ఇంగ్లండులో."

"ఇంగ్లండుల నెట్ పోతే నాకు ఫోన్ జేసిండ్రేంది మేడం?"

అతని పేరు లింగస్వామి. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో చిన్న షాపు పెట్టుకుని, చుట్టుపక్కల కాలనీలకు నెట్ కనెక్షన్లు ఇస్తుంటాడు. ఆమె కోపంగా ఫోన్ పెట్టేసింది కాబట్టి రాకుండా ఉండొచ్చు. కానీ ఆ కోపం వెనక ఏడుపు వినపడినట్టనిపించి, వానలోనే బండి తీశాడు.

తెగిన తీగలను అతికేటప్పుడు తడి తగలకూడదు. బిందు గొడుగు తెచ్చి పట్టింది, కేబుల్‌కి. అతని నెత్తి మీద కురిసే వాన సంగతి ఆమె పట్టించుకోలేదు. మూడింటికి రెండు నిమిషాలుందనగా నెట్ వచ్చింది.

రూటర్ చూద్దామని లోపలికొచ్చిన లింగస్వామికి ఆమె లాప్‌టాప్‌లో పెద్ద రాతి గుడి కనిపించింది. తెల్లని అంగీలు తొడుక్కున్న పిల్లలూ పెద్దలూ రెండు వరుసల్లో నడిచి వస్తున్నారు. ఒక్కడి ముఖంలోనూ నవ్వు లేదు.

"ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు మెల్లగా.

"ఎవరూ పోలేదు. మాట్లాడకండి."

అతను వెళ్లలేదు. ఇరవై నిమిషాలు అలాగే నిలబడి విన్నాడు. బిందు తల్లి నాగేశ్వరి తుడుపుగుడ్డ పట్టుకుని వచ్చి, అతని బట్టల్లోంచి కారిన మడుగునీ, దాని మధ్యలో ఉన్న కుర్రవాణ్ణీ మార్చి మార్చి చూసింది.

బిందు ఎం.ఏ. ఇంగ్లీషు చదివింది. దిల్‌సుఖ్‌నగర్‌లో తండ్రి శ్రీరామమూర్తి పనిచేసే కోచింగ్ సెంటర్‌కి నోట్సు రాసిపెడుతుంది. అది కాక ఆదివారాలు ఇంకో చిన్న పని. ఇంగ్లండులో విట్కాంబ్ అనే ముసలాయన ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. కాలు కదపలేనివాళ్లు ఇంట్లోంచే వినడానికి, అక్కడి ఆంగ్లికన్ చర్చిల్లో బృందగానంతో జరిగే ప్రార్థనలు ఏ రోజు, ఎన్నింటికి, ఏ లింకులో వస్తాయో అందులో జాబితా ఉంటుంది. ఆ లింకులన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడటం బిందు పని. ముందు నెలలో రెండు తప్పులు దొర్లాయి. ఇంకోటి దొర్లితే వేరే మనిషిని చూసుకుంటానని ఆయన చాలా మర్యాదగా రాశాడు. ఫోన్లో ఏడుపు అందుకు.

ఆ తర్వాత లింగస్వామికి ప్రతి ఆదివారమూ ఆ ఇంటి సిగ్నల్ మీద అనుమానం రావడం మొదలైంది. వచ్చేవాడు, రూటర్ ముందు ఒక నిమిషం, లాప్‌టాప్ ముందు గంట ఉండేవాడు. కొన్నాళ్లకు పనిలోనూ చెయ్యి వేశాడు. ఏ చర్చి తన పాత లింకు మార్చేసిందో, ఏది ఎవరికీ చెప్పకుండా సొంత సైటులో ప్రసారం చేస్తోందో వెతికి పట్టుకోవడంలో అతను ఆమెకన్నా చురుకు. ఒక చర్చి కెమెరా గంటసేపు స్తంభాన్నే చూపించింది. ఇంకోచోట పాట మొత్తం అయ్యేదాకా మైకు మ్యూట్‌లోనే ఉంది.

"అంత మంచిగ పాడుతరు, మ్యూట్ తీసుడు ఒక్కటి రాదు," అని లింగస్వామి బాధపడ్డాడు. "ఒకసారి పోయి నేర్పిరావాలె."

ఈ లోపు పై వాటాలో ఉండే అండాలమ్మ చెవిన పాటలు పడ్డాయి. శ్రీరామమూర్తి గారమ్మాయి క్రైస్తవంలో కలిసిందట అన్న మాట మెట్లు దిగి, వీధి దాటి, విజయవాడలో బిందుని చూడటానికి రావాలనుకుంటున్న పెళ్లివారిదాకా పోయింది. వాళ్లు రావడం లేదని కబురు చేశారు. నాగేశ్వరి రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు కర్మన్‌ఘాట్ గుడి నుంచి ఆంజనేయస్వామి పటం తెచ్చి, సరిగ్గా రూటర్ పైన మేకు కొట్టి తగిలించింది. దాంతో సిగ్నల్ తగ్గలేదు. బిందు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే, ఇప్పుడు రహస్యంగా ప్రార్థన చేస్తోందని అండాలమ్మ అంది.

కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే శ్రీరామమూర్తి, అది కూతురి ఉద్యోగమేనని భార్యకు చాలా ఓపికగా వివరించాడు. నాగేశ్వరి అంతా విని, ఆ పాటలు ఈ ఇంట్లో వినపడితే తను తెనాలి వెళ్లిపోతానంది.

అలా బిందు ఆదివారాలు ఎల్బీనగర్‌లోని లింగస్వామి షాపుకి మారాయి. కేబుల్ చుట్టల మధ్య అతను ఒక బల్ల, కుర్చీ వేశాడు. ఇద్దరూ మూడింటికి మొదలుపెట్టేవాళ్లు. అతను ఏది పడితే అది అడిగేవాడు. అంతసేపు నిలబడితే కాళ్లు గుంజవా? ఆ చిన్న పిల్లగాండ్లు గొంతు మారినంక ఏం జేస్తరు? ఆమె తెలిసినవాటికి జవాబిచ్చేది, తెలియనివాటికి నవ్వేది.

ఒకరోజు అతను, ఆ పాటల్లో ఎవరూ గొంతు ఊపడం లేదేమిటని అడిగాడు. బిందు పాట శబ్దం తగ్గించింది. తర్వాత చెప్పింది: ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుందట. నీ గొంతులో గమకం పలకదు, మీ నాన్న ఫీజు వృథా అని ఒకరోజు టీచరు అందరి ముందూ అందట. ఆ రోజు నుంచి పాడలేదు. ఈ పాటలు మొదటిసారి విన్నప్పుడు, సాఫీగా, ఒకే గీతలా పోయే గొంతు కూడా గొంతేనని తెలిసి, పని వదిలేసి చాలాసేపు కూర్చుందట.

"మరి ఇప్పుడు పాడుతరా?"

"లేదు," అంది.

కానీ పాటతో పాటు ఆమె సన్నగా కూనిరాగం తీస్తుందని అతనికి తెలుసు. ఆ సంగతి ఆమెకే తెలియదు. అది సరిగ్గా వినపడాలని అతను ఫ్యాన్ కట్టేసి, కెపాసిటర్ పోయిందని చెప్పేవాడు. సెప్టెంబరంతా ఇద్దరూ ఆ ఉక్కలో చెమటలు కక్కారు.

అక్టోబరు చివరి శనివారం అతను మెసేజ్ పెట్టాడు: రేపు సర్వీసుకు ముందు పది నిమిషాలు మాట్లాడాలె, జర ముందు రాండ్రి. ఆమె 'సరే' అని పంపింది. ఆ రెండక్షరాలనూ అతను పదిహేడుసార్లు చదివాడు.

ఆదివారం రెండున్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి కూర్చున్నాడు. మూడైంది. ఆమె రాలేదు. మూడుంబావైంది. ముందుగా రమ్మంటే సమయానికి కూడా రాలేదంటే, ఏం మాట్లాడతాడో ఊహించి మానేసిందన్నమాట. ఫోన్ చేయొచ్చు. చేస్తే, రాకూడదనుకున్నానండీ అన్న మాట చెవులతో వినాల్సి వస్తుంది. మూడూ ఇరవైకి ఫోన్ ఆపేసి, షట్టర్ దించి, తుర్కయంజాల్‌లో ఏదో కంప్లయింట్ ఉంటే అటు వెళ్లిపోయాడు.

మూడూ నలభైకి బిందు వచ్చింది. ఇంట్లో మూడు చున్నీలు మార్చి, నాలుగోది వేసుకుంది. షట్టర్ దించి ఉంది. ఫోన్ ఆపేసి ఉంది. వాన మొదలైంది. అతనేం చెప్పబోతున్నాడో ఆమెకీ తెలుసు. అందుకే సర్వీసుకి ఇరవై నిమిషాల ముందే వచ్చింది. చివరి నిమిషంలో అతనికి భయమో, బుద్ధో వచ్చిందనుకుంది. మెట్ల మీద కూర్చుని, ఒక మెసేజ్ పెట్టి, ఫోన్లోనే పని మొదలుపెట్టింది. విట్కాంబ్ గారి జాబితాకి మనసుతో సంబంధం లేదు.

తుర్కయంజాల్‌లో లింగస్వామి రూటర్ బాగుచేసి, స్పీడ్ చూద్దామని అలవాటుగా ఆ మూడింటి సర్వీసు వచ్చే చర్చి ఛానల్ తెరిచాడు. మూలన ఎర్రగా 'లైవ్' అని ఉంది. తెల్ల అంగీల వరుసలు అప్పుడే నడిచి వస్తున్నాయి. గోడ గడియారం చూశాడు. నాలుగు.

ఇంగ్లండులో ప్రతి ఏటా అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారని అతను ఆ ఇంటివాళ్ల సోఫాలో కూర్చుని, ఆ ఇంటివాళ్ల కంప్యూటర్లోనే చదివి తెలుసుకున్నాడు. నెట్ బాగుందా అని ఇంటాయన అడిగాడు. నెట్ మంచిగనే ఉంది సార్, నా బుర్రనే పనిచేస్తలేదు అని చెప్పి బయటికి పరుగెత్తాడు. ఫోన్ ఆన్ చేస్తే ఆమె మెసేజ్: షట్టర్ ముందు కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పకుండా పారిపోయే మనిషి పది నిమిషాలు ఎందుకు అడిగినట్టు?

సాగర్ రోడ్డు మీద వానలో అరగంట పట్టింది. అతను వచ్చేసరికి ఆమె ఫోన్లో పాదిరిగారి ప్రసంగం నడుస్తోంది. అంటే పోట్లాడుకోవడానికి కాస్త తీరిక ఉంది.

"గడియారం ఎనకకు తిప్పుతరని నాకెవ్వలు జెప్పలే," అన్నాడు.

"అంత చిన్న విషయం తెలియదని నాకేం తెలుసు? ఒక్క ఫోన్ చేయొచ్చు కదా."

"చేస్తే మీరు రానంటరని భయమైంది."

బిందు ఫోన్ వంక చూసింది. "ప్రసంగం ఇంకో ఐదు నిమిషాలుంటుంది. చెప్పండి."

"చెప్పేది రెండు ముక్కలే. ధైర్యం రానీకే ఐదు నిమిషాలు గావాలె."

ఆమె ఆగింది. నాలుగు నిమిషాలు అతను వాననే చూశాడు.

"ఆదివారం ఒక్కరోజు నాకు సాలదు మేడం. మిగిలిన ఆరు రోజులు గూడ మీరు నాతోనే ఉండాలె."

"ముందు మేడం అనడం మానండి," అంది బిందు. "షట్టర్ తీయండి. ఫోన్లో చార్జింగ్ లేదు, చివరి పాట పోతుంది. ఆ ఫ్యాన్ కూడా వేయండి. అది బాగానే ఉందని నాకు ఎప్పుడో తెలుసు."

అది ఒప్పుకోవడమేనని అతనికి అర్థమయ్యేసరికి షట్టర్ సగం లేచింది.

ఆ వారమే బిందు ఇంట్లో చెప్పింది. ఒకబ్బాయి ఉన్నాడని వినగానే నాగేశ్వరి సోఫాలో కూలబడి, కళ్లు మూసుకుని పేరడిగింది.

"లింగస్వామి."

"నిజంగానా? అసలు పేరు అదేనా?"

అదేననీ, నెట్ బాగుచేసే ఆ కుర్రవాడేననీ తెలిశాక ఆవిడ గోడ మీద పటానికి గట్టిగా దణ్ణం పెట్టింది. కాపాడావు తండ్రీ అని పైకే అంది. తర్వాతగానీ ఆ కుర్రవాడు నల్గొండవాడనీ, వేరే కులమనీ, స్తంభాలెక్కుతాడనీ ఆవిడకి గుర్తురాలేదు. కానీ అప్పటికే దేవుడికి కృతజ్ఞతలు చెప్పేసింది, వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

"అదే జాన్ అయ్యుంటే ఏం చేసేదానివమ్మా?" అని బిందు నిలదీసింది. నాగేశ్వరి లేచి వంటింట్లోకి వెళ్లింది. శ్రీరామమూర్తి మాత్రం కూతురి పక్కన కూర్చుని, అతను మంచివాడా అని ఒక్క ప్రశ్న వేశాడు. ఆమె తలూపింది. ఆయనకి ఆ లెక్క సరిపోయింది.

అసలు భయం లింగస్వామి తల్లి సుమిత్రమ్మ గురించి. కొడుకు ఆంధ్రోళ్ల పిల్లను చూసుకున్నాడంటే ఆవిడ వారం రోజులు ఫోనెత్తలేదు. చివరికి నవంబరులో వచ్చింది. బిందు వాళ్లింట్లో సోఫా అంచున కూర్చుని, పెట్టిన పెసరట్టు ముట్టకుండా, బిందుని కాళ్ల నుంచి తలదాకా చూసింది. తన ఇంట్లో ఈ పిల్ల ఇమడదని ఆవిడ ముఖంలోనే రాసి ఉంది. పైగా గేటు దగ్గరే అండాలమ్మ తగిలింది.

"చర్చి పాటలు పాడుతవంట గద," అంది సుమిత్రమ్మ. "ఏది, పాడు."

అన్నమయ్య కీర్తన పాడమని నాగేశ్వరి కళ్లతో సైగ చేసింది. లింగస్వామి వద్దనబోయి ఆగాడు. వద్దంటే ఆమె మళ్లీ ఎప్పటికీ పాడదేమోనని అతనికి భయం వేసింది.

బిందు లేచి నిలబడింది. వానాకాలమంతా షాపులో విన్న కీర్తన ఒకటి ఎత్తుకుంది, ఇంగ్లీషులోనే. మొదటి చరణంలో గొంతు జీరపోయింది. రెండో చరణానికి నిలబడింది, సాఫీగా, ఎక్కడా ఊగకుండా, ఆ చిన్న గది చివరిదాకా పోయింది. శ్రీరామమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కూతురి గొంతు విని ఆయనకి పదకొండేళ్లయింది.

పాట అయిపోయాక సుమిత్రమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, పెసరట్టు పళ్లెం దగ్గరికి లాక్కుంది.

"ఒక్క ముక్క అర్థం గాలే," అంది. "మల్ల పాడు బిడ్డ."